పురిటికి పుట్టింటికి వెళ్తున్నాను, అమ్మ మాట వినాలా అమ్మమ్మ మాట వినాలా?

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఇరవయ్యారేళ్ళు అన్నావు కాబట్టి నువ్వు అనే అంటున్నాను తల్లీ, ఏమీ అనుకోకు. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ. ఏడో నెల. అత్తవారిల్లు భువనేశ్వర్, మొదటి పురుడు కాబట్టి పర్లాకిమిడిలో అమ్మ దగ్గరికి వెళ్తున్నావు. ఆ ఇంట్లో పదిహేనేళ్ళుగా అమ్మమ్మ కూడా ఉంది. అమ్మా అమ్మమ్మా మొహాలు చూసుకుని మాట్లాడుకోరు, "మీ అమ్మమ్మకి చెప్పు మాత్ర వేసుకోమని", "మీ అమ్మకి చెప్పు వేసుకున్నానని", అంతా నీ మీదుగానే. సీమంతం రోజు, పుట్టబోయే బిడ్డకి తేనె నాకించాలని అమ్మమ్మ, కుదరదని అమ్మ పంతానికి పోయి, ఆఖరికి ఇద్దరూ నీ వైపు తిరిగి "నువ్వే చెప్పు" అన్నారు. ఎవరి మాట వినాలి, పోనీ ఆ మూడు నెలలూ అమ్మమ్మని విజయనగరంలో పిన్ని దగ్గరికి పంపేస్తే గొడవ వదిలిపోతుందా అని అడిగావు.

అమ్మమ్మని పంపొద్దు. ఇద్దరిలో ఎవరిది ఒప్పో తేల్చే పని నువ్వు నెత్తిన పెట్టుకోవద్దు. బిడ్డ ఒంటికీ నీ ఒంటికీ సంబంధించిన కొన్ని విషయాలు డాక్టరు చెప్పినట్టే జరగాలి, వాటిలో ఇద్దరి మాటా చెల్లదు. అవి పోగా మిగిలినవి ఎలా జరిగినా బిడ్డకి నష్టం లేదు, వాటిని ఇద్దరికీ పంచెయ్. జవాబు ఇంతే. కానీ ఇంతటితో వదిలేస్తే నీకు పనికిరాదు, ఎందుకంటే వాళ్ళ పోట్లాట తేనె గురించి అని నాకు అనిపించడం లేదు.

నేనెవరినో చెప్పాలి కదా. గంజాం, గజపతి జిల్లాల్లో 31 ఏళ్ళు ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే సర్కారు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. 1988లో చేరినప్పుడు రెండూ ఒకటే జిల్లా, 1992లో విడదీశారు. పుట్టింది బరంపురంలో, ఇంట్లో తెలుగు, పనిలో ఒడియా. ఒడియా ఇళ్ళు, తెలుగు ఇళ్ళు, కొండల మీద సవర ఊళ్ళు అన్నీ తిరిగాను. పురిటి మంచం చుట్టూ మూడు తరాల ఆడవాళ్ళు ఒకరి మాట ఒకరికి పడక నిలబడి ఉంటే, మధ్యలో పసిగుడ్డు కేరుకేరుమని ఏడుస్తుంటే, సంచీ పట్టుకుని గుమ్మంలో ఆగిపోయిన సందర్భాలు నాకు లెక్కలేనన్ని. ఇల్లు ఒడియావాళ్ళదైనా తెలుగువాళ్ళదైనా తగవు ఒకటే, తిట్లే వేరు. (తిట్లంటే గుర్తొచ్చింది, మన ఒడియా పక్కింటివాళ్ళకి ఆయి అంటే అమ్మమ్మ కదా, సిరొంచ వైపు ఉండే నా స్నేహితురాలికి ఆయి అంటే అమ్మ, అది మహారాష్ట్ర, మరాఠీలో అంతే. ఆవిడ మా ఇంటికొచ్చి, పక్కింటి పిల్ల "ఆయి కొట్టింది" అని ఏడుస్తుంటే తల్లిని పిలిచి చీవాట్లు పెట్టింది, పాపం ఆ తల్లికి ఏమీ తెలియదు.)

ఇప్పుడు అసలు విషయం. మీ అమ్మమ్మ మీ అమ్మని కన్నప్పుడు ఇంట్లో మంత్రసాని చెప్పిందే చెల్లుబాటు అయ్యుంటుంది, ఆ రోజుల్లో ఈ వైపు దాదాపు అందరి ఇళ్ళలో అంతే. మంత్రసాని ముర్రుపాలు పిండి పారబోయమంటే పారబోశారు. పాలు పడేదాకా రెండు మూడు రోజులు బిడ్డకి తేనో పంచదార నీళ్ళో పట్టారు. బాలింతకి నీళ్ళు తగ్గించారు, ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని. నువ్వు పుట్టేసరికి మీ అమ్మ దగ్గరికి వచ్చింది నాలాంటి నర్సు. దాచకుండా చెప్తున్నాను, ఆ రోజుల్లో మేం చెప్పినవి కూడా అన్నీ ఇప్పుడు నిలబడవు. బొడ్డుకి నీలం మందు రాసేవాళ్ళం, జెన్షియన్ వయొలెట్, నా వేళ్ళు ఎప్పుడు చూసినా నేరేడుపండు తిన్నట్టే ఉండేవి. ఇప్పుడు బొడ్డుకి ఏమీ రాయకుండా పొడిగా వదిలెయ్యమంటున్నారు. అప్పట్లో నాలుగు నెలలు నిండితే ఉగ్గు మొదలుపెట్టొచ్చు అనేవాళ్ళం, పూర్తిగా ఆరు నెలలూ తల్లిపాలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది 2001లో, నువ్వు పుట్టింది అంతకు ముందు. నీకు నాలుగో నెలలో ఉగ్గు పెట్టి ఉంటే అది మీ అమ్మ తెలివితక్కువతనం కాదు, నాలాంటిదాని మాట విన్నది.

కాబట్టి ఆ ఇంట్లో జరిగేది మూడో పురుడు, మూడో శాస్త్రం. మంత్రసాని శాస్త్రం అమ్మమ్మది, నర్సు శాస్త్రం అమ్మది, ఫోను శాస్త్రం నీది. ఎవరి శాస్త్రాన్ని నమ్ముకుని వాళ్ళు బిడ్డల్ని బతికించుకున్నారు. అందుకే మీ అమ్మ "తేనె నాకించడం తప్పు" అన్నప్పుడు మీ అమ్మమ్మ చెవికి "నువ్వు నన్ను తప్పుగా పెంచావు" అని వినపడుతుంది. నువ్వు మీ అమ్మతో అన్నా అదే వినపడుతుంది, కాకపోతే ఆమె నీ మీద చూపించలేదు, గర్భిణివి కాబట్టి. ఆ కోపం వెళ్ళి ముసలావిడ మీద పడుతుంది.

బేరం లేని విషయాలు ముందు చెప్పేస్తాను. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టాలి, ముర్రుపాలు చుక్క కూడా పారబోయకూడదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దు, డాక్టరు రాసిన మందులు వేరే సంగతి. తేనె ఏడాది నిండేదాకా వద్దే వద్దు, అందులో బొట్యులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఉండొచ్చు, పసిపేగు దాన్ని తట్టుకోలేదు. కాబట్టి తేనె విషయంలో మీ అమ్మదే ఒప్పు, కానీ ఆ మాట నువ్వు అనకు, ఎవరు అనాలో కింద చెప్తాను. బొడ్డుకి నూనె, పసుపు, బూడిద, పౌడరు ఏదీ వద్దు. మొదటి రోజు స్నానం వద్దు. ముక్కులో చెవిలో నూనె చుక్కలు వద్దు, కంట్లో కాటుక వద్దు, అరికాల్లో దిష్టిచుక్క పెట్టుకుంటామంటే పెట్టుకోనీ, ఎవరికేం నష్టం. నువ్వు దాహం వేసినన్ని నీళ్ళు తాగాలి, పాలిచ్చే మనిషికి నీళ్ళు కట్టెయ్యడం అంత అన్యాయం ఇంకోటి లేదు. ఐరన్ మాత్రలు పురుడయ్యాక ఇంకో 180 రోజులు వేసుకోవాలి, ఇంట్లో చాలామంది బిడ్డ బయటికొచ్చింది కదా అని ఆపేస్తారు.

మిగిలినవి చూడు ఎన్ని ఉన్నాయో. నూనె మర్దన (కాళ్ళూ చేతులూ గట్టిగా లాగకుండా, తలకిందులుగా వేలాడదీయకుండా). నలుగు. కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోయడం. నీకు వెల్లుల్లి కారం, శొంఠిపొడితో మొదటి ముద్ద, పాత చింతకాయ పచ్చడి. కాయం, అదే బాలింతకి పెట్టే శొంఠి బెల్లం ఉండ. ఉయ్యాల, జోలపాట. నీ తలకి గుడ్డ కట్టడం, చెవుల్లో దూది. సాంబ్రాణి నీ జుట్టుకి వేసుకో, బిడ్డ ఉన్న గదిలో మాత్రం పొగ వద్దు. ఇన్నీ పెద్దవాళ్ళకి వదిలెయ్. అమ్మమ్మ చేతికి ఏవి, అమ్మ చేతికి ఏవి అని నువ్వే ముందుగా చెప్పు, "అమ్మమ్మా బిడ్డకి నూనె రాయడం నీదే, అమ్మా నా పథ్యం నీదే" అని ఇద్దరూ ఉన్నప్పుడే. ఒకే పని ఇద్దరికీ ఇచ్చావో, అయిపోయావు.

ఇలా పంచమని నాకు ఎవరూ నేర్పలేదు, చెడగొట్టుకుని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన రెండో మూడో ఏడు, చికిటి వైపు ఒక ఊళ్ళో ఒక ఇంటికి వెళ్తే, బాలింత అమ్మమ్మ బిడ్డ బొడ్డు మీద వేడి నూనెలో పసుపు కలిపి అద్దుతోంది. నాకు అప్పుడు పాతికేళ్ళు కూడా లేవు, తెల్లచీర పొగరు ఒకటి. కూతురి ముందు, అల్లుడి ముందు, పక్కింటివాళ్ళ ముందు ఆవిడని నిలబెట్టి కడిగేశాను, బిడ్డని చంపుతావా అని కూడా అన్నాను. ఆవిడ మాట తిరగెయ్యలేదు. "సదువుకున్నోళ్ళు మీరు సెప్తే కాదంటామా" అని గిన్నె తీసుకుని లేచి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. బొడ్డు చక్కగా మానింది. రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్తే బాలింత కళ్ళు గుంటలు పడి, జుట్టు జడ కట్టి, బిడ్డ పక్కన ఏడుస్తూ కూర్చుని ఉంది. ఆ రోజు నుంచి ముసలావిడ బిడ్డని ముట్టుకోలేదట. ఇంట్లో వాళ్ళు బతిమాలినా "నాకేం తెల్దు, నర్సమ్మనే పిలండి" అందట. బాలింత తల్లి పొద్దున లేస్తే పొలం, రాత్రిళ్ళు ఎత్తుకునే చెయ్యి లేదు. నెల తిరగకుండా డబ్బా పాలు వచ్చాయి, ఆ ఇంటికి అది ఎంత ఖర్చో నీకు చెప్పక్కర్లేదు, పొడి పలచగా కలిపి పట్టేవాళ్ళు, బిడ్డ ఎండిపోయింది. తర్వాత కోలుకుంది లే. కానీ నేను గెలిచింది బొడ్డు దగ్గర, పోగొట్టింది పాలు.

అందుకే అమ్మమ్మని పంపొద్దు అంటున్నాను. రాత్రి రెండింటికి బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే, ముసలివాళ్ళకి ఎలాగూ నిద్ర పట్టదు, భుజాన వేసుకుని నడవాలో అటూ ఇటూ తిరిగే మనిషి ఆవిడే. ఆ సుఖం ఏమిటో పదిహేనో రోజుకి నీకు తెలుస్తుంది.

ఇంకొక ఇంటి సంగతి చెప్తాను, ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. బరంపురంలో ఒక పట్టు నేసే ఇల్లు, 2012. బరంపురం పట్టుకి జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకే అనే సర్కారు ముద్ర, వచ్చిన ఏడాది అది, ఆ ఇంట్లో మాత్రం మగ్గం అప్పటికే మూలపడింది, దాని గుంటలో బియ్యం బస్తాలు పెట్టుకున్నారు. బాలింతకి ఇరవై రెండు, వాళ్ళమ్మకి ముప్ఫై తొమ్మిది, అమ్మమ్మకి యాభై ఆరు, ముసలమ్మ అనడానికి కూడా మనసొప్పదు. తల్లీ అమ్మమ్మా మాట్లాడుకోరు, మీ ఇంట్లో లాగే. కారణం నేనడగలేదు, అడిగితే ఎవరూ చెప్పరు కూడా. బిడ్డని తూకం వేస్తూ ఊరికే అమ్మమ్మని "నీకు పురుళ్ళు ఎన్ని?" అన్నాను. "తొమ్మిది, నిలిచింది ఐదుగురు." "ఆఖరిది ఎప్పుడు?" అంటే మొహం పక్కకి తిప్పుకుంది. నేను బయల్దేరుతుంటే వీధి చివరిదాకా వెంట వచ్చి చెప్పింది. ఆవిడ ఆఖరి కొడుకూ, ఇప్పుడు మంచం మీదున్న మనవరాలూ పుట్టింది ఒకే నెలలో.

అర్థమైందా? పెద్ద కూతురు పదిహేడేళ్ళప్పుడు తొలి పురుటికి పుట్టింటికొస్తే, తల్లి కూడా నెలలు నిండి ఉంది. అప్పట్లో అది మరీ వింతేం కాదు, కానీ సిగ్గు. అల్లుడి ముందు తలెత్తుకోలేకపోయింది. పైగా ఆవిడకి పాలు పడలేదు. కూతురు తన బిడ్డకి ఒక పక్క, తమ్ముడికి ఒక పక్క ఇచ్చి ఏడు నెలలు పెంచింది, బయట చెప్పనని తల్లికి ఒట్టు వేసింది. ఇదంతా అమ్మమ్మ చెప్పింది. ఆ పాల దగ్గరే కూతురికి మనసు విరిగిందని ఆవిడ అనుకుంటోంది, నేనూ అలాగే అనుకున్నాను. తర్వాతెప్పుడో కూతురు బావి దగ్గర నాతో అంది: "పాలదేముంది దీదీ, వాడు నా తమ్ముడు. మా అమ్మ నాకు పురుడు పొయ్యలేదు. పదకొండో రోజు నుంచి ఆవిడకి నేను వండిపెట్టాను." ఇరవై రెండేళ్ళు ఆ మాట కడుపులో పెట్టుకుంది.

నేను పెద్దగా ఏమీ చెయ్యలేదు. మర్నాడు వెళ్ళేసరికి అమ్మమ్మ కాయం చేస్తోంది, శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి బెల్లం పాకంలో నెయ్యి పోసి కలుపుతోంది. ఎంత చేస్తున్నావు అన్నాను. ఒక మనిషికి సరిపడా అంది. "ఇంకో మనిషికి బాకీ ఉన్నావు కదా" అనేశాను, నా నోటికి అడ్డు ఉండదు. నన్ను కాల్చేసేలా చూసింది. ఆ తర్వాతి వారం వెళ్తే పొయ్యి గట్టు మీద రెండు స్టీలు డబ్బాలున్నాయి. ఒకటి మనవరాలిది. రెండోది ఎవరిదో ఎవరూ నాకు చెప్పలేదు, కానీ నేను కూర్చుని ఉండగానే కూతురు వచ్చి మూత తీసి ఒక ఉండ నోట్లో వేసుకుని, తల్లి వైపు చూడకుండానే "మిరియాలు ఎక్కువేశావు" అంది. ఆ ఇంట్లో ఆ ఇద్దరి మధ్య నేరుగా ఒక మాట నేను విన్నది అదే మొదలు. వాళ్ళు కలిసిపోయారని చెప్పను, ఆ తర్వాత కూడా తగవులు పడ్డారు. కాకపోతే నేరుగా పడ్డారు, మధ్యలో ఆ పిల్లని పెట్టకుండా.

మీ ఇంట్లో ఇలాంటి కథే ఉందని కాదు. చెల్లెలికి ఎక్కువ పెట్టారనో, పెళ్ళప్పుడు ఒక మాట అన్నారనో, చదువు మాన్పించారనో ఏదో ఉంటుంది. నువ్వు రాసినదాంట్లో నాకు ఒకటి మాత్రం గట్టిగా తగిలింది. మీ అమ్మకి పుట్టిల్లు లేదు. వాళ్ళమ్మ వచ్చి ఆమె ఇంట్లోనే ఉంటోంది కదా, ఇక ఆమె ఎక్కడికి వెళ్తుంది? పండక్కి చీర పెట్టించుకోవడానికి, నాలుగు రోజులు పొయ్యి ముట్టకుండా కూర్చోవడానికి, మొగుడి మీద చెప్పుకోవడానికి ఆడదానికి ఒక గుమ్మం ఉంటుంది, మీ అమ్మకి పదిహేనేళ్ళుగా ఆ గుమ్మం లేదు. ఉన్న తల్లికి మాత్రలు ఇవ్వాలి, కాళ్ళు పట్టాలి. ఇప్పుడు నువ్వు పుట్టింటికొస్తున్నావు, సేవలన్నీ నీకు జరుగుతాయి. ఆమెకి సంతోషమే, కానీ ఎక్కడో చివుక్కుమనకుండా ఉంటుందా?

బరంపురంలో ఠాకురాణి యాత్ర నువ్వు చూసే ఉంటావు, రెండేళ్ళకోసారి చైత్రమాసపు ఎండల్లో. దేశీబెహెరా అంటే మన నేతవాళ్ళ కులపెద్ద, ఆయనా ఆయన భార్యా గుడికి వెళ్ళి అమ్మవారిని బొట్టుపెట్టి పిలిచినట్టు పిలుస్తారు, ఆవిడ వాళ్ళింటి ఆడపడుచు, యాత్ర జరిగినన్నాళ్ళూ దేశీబెహెరా వీధిలో వేసిన తాత్కాలిక గుడిలోనే, అంటే పుట్టింట్లో ఉంటుంది. రాత్రిళ్ళు ఘటాలు వీధులు తిరుగుతాయి. చిన్నప్పుడు మా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని తిరిగాను. ఆ అమ్మవారి పేరేమిటి? బుఢీ ఠాకురాణి. బుఢీ అంటే ఒడియాలో ముసలమ్మ. ముసలమ్మ అని పిలిపించుకునే దేవత కూడా రెండేళ్ళకోసారి కూతురైపోయి పుట్టింటికి వస్తుంది. యాభయ్యేళ్ళ మీ అమ్మకి మాత్రం ఆ వరస లేకపోయింది.

నువ్వు చేయగలిగేది చిన్నది. తొమ్మిదో నెల లోపు ఒక మధ్యాహ్నం అమ్మమ్మ ఒక్కతే ఉన్నప్పుడు పక్కన పడుకుని "మా అమ్మ పుట్టినప్పుడు ఏమైంది?" అని అడుగు. మీరిద్దరూ ఎందుకు మాట్లాడుకోరు అని మాత్రం అడగొద్దు, ఆ తలుపు అటు నుంచి తెరుచుకోదు. ఇంకో రోజు అమ్మని "నేను పుట్టినప్పుడు నీకు ఎవరు పురుడు పోశారు?" అని అడుగు. విన్నది అటూ ఇటూ మొయ్యకు. నీ దగ్గరే ఉంచుకో. నీ కడుపు చూసి వాళ్ళకి పాతవన్నీ ఎలాగూ గుర్తొస్తుంటాయి, అడిగేవాళ్ళు లేక చెప్పరు. ఇంకొకటి, నీకు తలంటు పోసే రోజుల్లో ఒక రోజు "అమ్మమ్మా, అమ్మకి కూడా తలకి నూనె పెట్టవా, నా వల్ల నిద్రల్లేవు" అని అను. పెడుతుందో లేదో తెలియదు. పెట్టకపోతే పట్టుబట్టకు.

తేనె సంగతి ఎవరు చెప్పాలి అంటే, ఆశా దీదీ, అదే మీ వీధి ఆశా వర్కరు. ఆస్పత్రిలో పురుడైతే బిడ్డ పుట్టిన 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆవిడ ఇంటికి వచ్చి బిడ్డని చూడాలి, అది ఆవిడ డ్యూటీ. ఇప్పుడే, ఏడో నెలలోనే, ఫోన్లో మాట్లాడి "తేనె గురించి, బొడ్డు గురించి మా వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి మీరే చెప్పండి" అని చెప్పి ఉంచు. బయటి మనిషి చెప్తే ఎవరూ ఓడిపోనట్టు. 21వ రోజు అంటే మన బారసాల, ఒడియావాళ్ళకి కూడా ఏకోయిశా అదే రోజు కదా, ఆవిడకి భోజనం పెట్టి పంపండి.

మాట వచ్చింది కాబట్టి, తల్లీబిడ్డల కార్డు మీ వైపు ఒడియాలో ఉంటుంది. మీ అమ్మ ఒడియా బడిలో చదివింది అన్నావు, చదువుతుంది. అమ్మమ్మకి తెలుగు అక్షరాలే కొద్దిగా వచ్చు. ఆ కార్డు చూపించి "ఇందులో రాసుంది" అని మీ అమ్మ అన్నప్పుడల్లా ఆవిడకి అది తనకి రాని భాషలో వచ్చిన హుకుం. నువ్వు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చదివి వినిపించు, బొమ్మలు చూపించు. వింటుంది, మధ్యలో "ఇది మేమూ చేసేవాళ్ళం" అని రెండు మూడు చోట్ల అంటుంది కూడా, చూడు. బిడ్డని తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా పడుకోబెట్టడం లాంటివి మంత్రసానులు ఏనాడో చేసినవే.

పుట్టింటికి వెళ్ళే ఆడపిల్లలందరికీ చెప్పే జాగ్రత్త నీకూ: నీ పేరు భువనేశ్వర్ అంగన్‌వాడీలో ఉంటుంది, నువ్వు పర్లాకిమిడిలో ఉంటావు, రెండు చోట్లా నిన్ను ఎవరూ చూడరు. వెళ్ళగానే అక్కడి ఏఎన్ఎంకి, అంగన్‌వాడీకి కార్డు చూపించి రాయించుకో. గర్భిణులకి ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మమత డబ్బుల లెక్క కూడా ఏ ఊళ్ళో నడుస్తోందో కనుక్కో. అమ్మమ్మ వాళ్ళ చుట్టాలు పాతపట్నంలో ఉన్నారని అక్కడి ఆస్పత్రి ఆలోచన కూడా ఉందన్నావు, నడిచి దాటేంత దగ్గరే కానీ అది ఆంధ్ర, వేరే రాష్ట్రం, కాగితాలు అన్నీ మారతాయి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత, పురిటి నొప్పులప్పుడు దాని గురించి ఆలోచించే పరిస్థితి తెచ్చుకోకు, ముందే ఒకటి తేల్చుకో.

అమ్మమ్మని దూరం పెట్టాల్సిన సందర్భాలు లేకపోలేదు. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ముందు కఫం పరీక్ష చేయించండి, తేలేదాకా బిడ్డని ఎత్తుకోవద్దు. మతిమరుపు ముదిరి, బిడ్డని ఎక్కడ పెట్టిందో మర్చిపోయే స్థితి ఉంటే ఒంటరిగా అప్పగించొద్దు. ఆడపిల్ల పుడితే ఈసడించే మనిషైతే అది వేరే సంగతి, దానికి సర్దుకోమని నేను చెప్పను.

నీ గురించి ఒక మాట. పురుడైన వారం రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, పోతుంది. రెండు వారాలు దాటాక కూడా అది తగ్గకపోయినా, బిడ్డ పడుకున్నా నీకు నిద్ర పట్టకపోయినా, బిడ్డనో నిన్నో ఏదైనా చేసుకోవాలనిపించినా, "బాలింత గాలి" అని తాయెత్తు కట్టి కూర్చోబెట్టనివ్వకు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు, అంటే మనసు బాగోనివాళ్ళ కోసం సర్కారు పెట్టిన ఫోన్ సేవ వాళ్ళు, మాట్లాడతారు. ఎక్కువ రక్తస్రావం, జ్వరం, చూపు మసకేసే తలనొప్పి, ఫిట్స్, బిడ్డ పాలు లాగకపోవడం, ఒళ్ళు చల్లబడటం, అరిచేతులూ అరికాళ్ళూ పచ్చబడటం, వీటిలో ఏది కనపడినా ముగ్గురు కూర్చుని చర్చించొద్దు, 108.

మళ్ళీ "మీ అమ్మకి చెప్పు", "మీ అమ్మమ్మకి చెప్పు" మొదలవుతుంది చూడు, నువ్వు వెళ్ళిన మొదటి రోజు నుంచే. బిడ్డ పుట్టేదాకా ఎలాగోలా మోసెయ్. పుట్టాక మాత్రం "నేను పాలిస్తున్నానమ్మా, నువ్వే చెప్పు" అని కళ్ళు మూసుకుని కూర్చో. పసిబిడ్డ రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది, ఆ సాకు ఏ పూటా అయిపోదు.